లాంచీయా? హౌస్‌బోటా?

"పడవ ఎక్కడానికి డబ్బులిచ్చి టిక్కెట్టు కొనుక్కోవడం ఏమిటమ్మా, చోద్యం కాకపోతే!" అంటుంటారు మా అత్తగారు. ఆవిడ మాటలో అబద్ధం లేదు. కోనసీమలో పుట్టిన వాళ్ళకి పడవ విహారం కాదు, అవసరం. చుట్టూ గోదావరి పాయలు, ఒక పక్క సముద్రం. వంతెనలు రాకముందు పెళ్ళికైనా, పురుడికైనా, పేరంటానికైనా రేవు దాటాల్సిందే. ఇప్పటికీ సఖినేటిపల్లి నుంచి నరసాపురానికీ, ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికీ పంటు మీద దాటేవాళ్ళు బోలెడంత మంది. మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, అరటి గెలలు, చంటిపిల్లలు అన్నీ ఒక్క పంటులోనే.

మరి ఇలాంటి చోట పుట్టి, ఇలాంటి చోటికే కోడలిగా వచ్చిన నేను పడవ ప్రయాణం గురించి మీకు రాయడమేమిటి అనుకుంటున్నారా? ఉందండీ, కారణం ఉంది. సరదా కోసం ఎక్కే పడవలు రెండు రకాలవి చూశాను. ఒకటి నాకు పాతికేళ్ళుగా ఇష్టమైనది, పాపికొండల లాంచీ. రెండోది ఇంటి పక్కనే ఉండి కూడా మొన్నమొన్నటి దాకా ఎక్కనిది, దిండి హౌస్‌బోటు. ఏ పండక్కో, పిల్లల సెలవలకో "ఎక్కడికైనా వెళ్దామా?" అని మీ ఇంట్లోనూ మాట వస్తుంది కదా, అప్పుడు పనికొస్తుందని ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చెబుతున్నాను.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పుట్టిల్లు కొత్తపేట వైపు. ఇంటర్ తర్వాత చదువు ఆగిపోయింది, 2001లో పెళ్ళయింది. పెళ్ళయిన రెండేళ్ళకి మా వారు మొదటిసారి నన్ను పాపికొండలు తీసుకెళ్ళారు. అప్పట్లో రాజమండ్రి చేరుకుంటే చాలు, అక్కణ్ణించి పట్టిసీమ వైపో, పురుషోత్తపట్నం వైపో తీసుకెళ్ళి లాంచీ ఎక్కించేవారు. ఏటి మధ్యలో పట్టిసీమ వీరభద్రుడి గుడి, తర్వాత పోలవరం, గండి పోచమ్మ తల్లి, దేవీపట్నం... ఇలా ఒక్కొక్కటే చూసుకుంటూ పైకి పోతుంటే కొండలు దగ్గరికొచ్చేస్తాయి. ధవళేశ్వరం దగ్గర అవతలి గట్టు కనపడనంత వెడల్పున్న మన గోదావరి అక్కడ రెండు కొండల మధ్యన పాపిడి తీసినట్టు సన్నబడిపోతుంది. పాపిడి కొండలే పాపికొండలయ్యాయని పెద్దవాళ్ళు చెబుతారు.

మీలో చాలామంది ఈ దారి సినిమాల్లో చూసే ఉంటారు. 1973లో వచ్చిన బాపు, రమణల 'అందాల రాముడు' కథంతా గోదావరి మీద భద్రాచలం పోయే పడవలోనే నడుస్తుంది. 2006లో శేఖర్ కమ్ముల తీసిన 'గోదావరి' సినిమా కూడా అంతే. ఆ సినిమా వచ్చాక మా ఆడపడుచు పిల్లలు ఒకటే గొడవ, మేమూ వెళ్ళాలని. అలా 2009లో రెండోసారీ, 2016లో మూడోసారీ వెళ్ళాం.

నాకు ఆ లాంచీ ఎందుకంత ఇష్టమో చెబితే మగవాళ్ళు నవ్వుతారు కానీ మీరు నవ్వరు. కొండలు ఇష్టమే, నీళ్ళు ఇష్టమే. అన్నిటికంటే ఇష్టం ఏమిటంటే, ఆ రోజు పొద్దున్న నుంచి సాయంత్రం దాకా "ఏం వండాలి?" అన్న ప్రశ్న నా ముందుకి రాదు. లాంచీ ఎక్కగానే విస్తరాకు ప్లేటులో వేడి వేడి ఉప్మానో, ఇడ్లీయో చేతిలో పెడతారు. మధ్యాహ్నం పప్పు, కూర, పులిహోర, సాంబారు, పెరుగు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో టీ, పకోడీ. రుచిలో మన వంటకి సాటి రాకపోవచ్చు. ఒకసారి సాంబారులో ఉప్పు తక్కువైంది, ఒకసారి అన్నం కాస్త బిరుసు. అయినా చెప్పొద్దూ, ఎవరో వండి వడ్డిస్తే కూర్చుని తినడంలో ఉన్న సుఖం ఉప్పూ కారంతో కొలిచేది కాదు!

ఇంకా లాంచీలో జనం. ఏ ఊరివాళ్ళో, ఏ కులం వాళ్ళో, ఎవరికీ పట్టదు. మైకులో పాటలు, కుర్రాళ్ళ డాన్సులు, పెద్దవాళ్ళ చప్పట్లు. 2009లో మా పక్కన గుంటూరు వైపు ఆవిడ కూర్చుంది. తన గోంగూర పచ్చడి సీసా మూత తీసి నాకు పెట్టింది, నేను సున్నుండల డబ్బా తీశాను. దిగే వేళకి అక్కా చెల్లెళ్ళలా అయిపోయాం. పేరంటపల్లి దగ్గర లాంచీ ఆపుతారు. రామకృష్ణ మునివాటం, పైన శివాలయం, చుట్టూ చల్లటి చెట్లు. కొండరెడ్లు వెదురుతో చేసిన బుట్టలు, పూల సజ్జలు అమ్ముతారు. అక్కడ కొన్న వెదురు బుట్టలో ఇప్పటికీ నేను ఉల్లిపాయలు పోసుకుంటున్నాను.

ఈ మూడుసార్లూ మా అత్తగారు రాలేదు. ఒకసారి మామగారికి ఒంట్లో బాగాలేదు, ఇంకోసారి గేదె ఈనే రోజులు, మూడోసారి "ఇల్లు ఎవరు చూస్తారు?" అని. మేం తిరిగొచ్చి పేరంటపల్లి శివుడి గురించి చెబుతుంటే వినేవారు. "సరేలే, ఈసారి చూద్దాం" అనేవారు. ఇల్లాలి జీవితంలో 'ఈసారి' అనే మాటకి తారీకు ఉండదు కదా!

తర్వాత 2019 వచ్చింది. సెప్టెంబరు 15, ఆదివారం. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయింది. గోదావరి వరద మీద ఉన్న రోజు. బోటులో 77 మంది ఉంటే 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్ళలో చాలామందిని చుట్టుపక్కల గిరిజనులు నాటుపడవలేసుకుని వచ్చి కాపాడారు. లైఫ్ జాకెట్లు ఇచ్చినా, ఉక్క వల్లా, భోజనాల వేళ అనీ చాలామంది తీసేశారని అప్పట్లో పేపర్లలో చదివాం. నీళ్ళ అడుగున ఉన్న ఆ బోటుని కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబరు 22న గాని బయటికి లాగలేకపోయింది. ఆ నెలరోజులూ మా ఇంట్లో టీవీ ఆపలేదు. అన్నం తినేటప్పుడు కూడా దాని ముందే. మా వారు ఆఖరి రోజున టీవీ కట్టేసి, "నేను బతికుండగా మనింట్లో పాపికొండలు మాట ఎత్తకండి" అన్నారు. ఎవరమూ ఎదురు చెప్పలేదు. ఏం చెబుతాం? మేం కూర్చున్న లాంటి కుర్చీలు, మేం తిన్న లాంటి భోజనాలు, మా పిల్లల లాంటి పిల్లలు.

చాలాకాలం ఆ బోట్లే నిలిపేశారు. తర్వాత కరోనా. 2021 చివర్లో మళ్ళీ మొదలయ్యాయని తెలిసినా మా ఇంట్లో ఎవరూ ఆ మాట తేలేదు.

2022 సంక్రాంతికి హైదరాబాదు నుంచి మా ఆడపడుచు కుటుంబం వచ్చింది. "వదినా, కేరళ వెళ్ళి అలెప్పీలో హౌస్‌బోటు ఎక్కొచ్చాం. అచ్చం మన కోనసీమలాగే ఉంది. మరి మన దిండిలోనూ ఉన్నాయి కదా, మీరెప్పుడైనా ఎక్కారా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. దిండి మాకు కూతవేటు దూరం. చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు పోయినప్పుడల్లా కిటికీలోంచి ఆ పడవల్ని చూస్తూనే ఉంటాను. ఎక్కాలన్న ఆలోచన రాలేదు. పెరట్లో చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా!

కేరళలో పూర్వం ధాన్యం మోసే పెద్ద పడవల్ని కెట్టువళ్ళం అంటారట. మేకులు కొట్టకుండా, కొబ్బరి పీచు తాళ్ళతో పలకల్ని కట్టి చేసేవారట. లారీలొచ్చాక వాటికి పని తగ్గిపోతే, పైన కప్పు వేసి, గదులు కట్టి విహారానికి తిప్పడం మొదలుపెట్టారు. ఆ పద్ధతే మన దిండికీ వచ్చింది. మలికిపురం మండలంలో వశిష్ఠ ఒడ్డున పర్యాటక శాఖ వారి రిసార్టు ఉంది, ప్రైవేటు వాళ్ళవీ ఉన్నాయి. మేం ఎక్కింది ఎవరిదన్నది ఇక్కడ అనవసరం.

మా వారు మొదట మొహం చిట్లించారు. "ఇది వరద నీరు కాదన్నయ్యా, ఊరి పక్కనే, ఒడ్డు కనపడుతూనే ఉంటుంది" అని చెల్లెలు నచ్చజెప్పింది. అత్తగారు మాత్రం వెంటనే "నేనూ వస్తాను" అన్నారు. మేమంతా ఆశ్చర్యపోయాం. ఆవిడకి అప్పటికి 75 దాటాయి, మోకాళ్ళ నొప్పులు.

ఇక హౌస్‌బోటు సంగతి. ఒడ్డు నుంచి సమంగా ఉండే చెక్క మీదుగా లోపలికి నడిచి వెళ్ళిపోవడమే, మెట్లు దిగే పని లేదు. రెండు పడగ్గదులు, ఏసీ, గదికో స్నానాలగది, ముందు సోఫాలు వేసిన వరండా, వెనక చిన్న వంటగది. పక్కలు శుభ్రంగా ఉన్నాయి. అత్తగారికి అదొక్కటే పెద్ద ఊరట. లాంచీలో అంతమందికీ ఒకటో రెండో బాత్‌రూములు. ఆడవాళ్ళం అక్కడ నీళ్ళు తాగడమే మానేస్తాం, అవునా కాదా? ఈ ఒక్క విషయంలో హౌస్‌బోటుకి నూటికి నూరు మార్కులు.

పడవ నెమ్మదిగా అంతర్వేది వైపు కొంత దూరం వెళ్ళింది. రెండు పక్కలా కొబ్బరి తోటలు, లంకలు, వలలు ఆరేసిన గట్లు. ఆడపడుచు, ఆవిడ భర్త తెగ ఫొటోలు తీసుకున్నారు. అత్తగారు మాత్రం "అదుగో ఆ తోట ఫలానావాళ్ళది, ఈ మధ్య కొబ్బరికి ధర లేదని చెట్లు పట్టించుకోవడం లేదు" అని లెక్కలు చెబుతున్నారు. మా అమ్మాయి "మామ్మా, ఇది టూరు, మీటింగు కాదు" అంటే అందరం నవ్వుకున్నాం. ఉన్నమాట చెప్పాలంటే, మన పెరడునే మనం డబ్బులిచ్చి చూస్తున్నట్టనిపించింది. హైదరాబాదు వాళ్ళకి అది స్వర్గం. మాకు అది ఇల్లే, కాకపోతే కాస్త కదులుతోంది.

భోజనం దగ్గరికి వద్దాం. వంటమనిషి కుర్రాడు మంచివాడు. పండుగొప్ప పులుసు, రొయ్యల ఇగురు, ములక్కాడ టమాటా కూర, చారు. రుచికి వంక పెట్టలేం. కానీ జరిగిందేమిటో వినండి. పదకొండు గంటలకి ఆ అబ్బాయి వచ్చి "అండీ, కారం ఎంత వెయ్యమంటారు? మామ్మగారికి వేరే చెయ్యాలాండీ?" అన్నాడు. నేను లేచి వెళ్ళాను. వెళ్ళినదాన్ని చింతపండు పులుసు చిక్కదనం చూశాను, అత్తగారికి కారం లేని కూర విడిగా తీయించాను, పిల్లలకి పెరుగు సరిపోతుందో లేదో చూశాను. అరగంట తర్వాత చూసుకుంటే కొంగు బొడ్లో దోపుకుని గరిటె పట్టుకుని ఉన్నాను! సాయంత్రం తడి తువ్వాళ్ళు ఆరేశాను, రాత్రి పక్కలు సర్దాను. ఇల్లు నీళ్ళ మీదికొచ్చింది, ఇల్లాలు ఇల్లాలుగానే ఉండిపోయింది.

అప్పుడే అర్థమైంది నాకు లాంచీ ఎందుకిష్టమో. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరు. వంద మందిలో నేనూ ఒక టిక్కెట్టుని.

అయితే హౌస్‌బోటులో ఒక రాత్రి ఉంది. లాంచీలో అది దొరకదు. పొద్దు వాలేసరికి పడవని ఒడ్డుకి చేర్చి కట్టేశారు. పిల్లలు సెల్‌ఫోన్లలో పడిపోయారు, మగవాళ్ళు నిద్రలోకి జారుకున్నారు. నేనూ అత్తగారూ వరండాలో కూర్చున్నాం. పోటు ఎక్కుతోంది, పడవ అడుగున నీళ్ళు తపతపమంటున్నాయి. ఆవిడ ఉన్నట్టుండి చెప్పడం మొదలుపెట్టారు. పెళ్ళయ్యాక కాపరానికి వచ్చింది కాలవ పడవ మీదట. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక (అది 1852లో పూర్తయింది) ఆ కాలవలు పొలాలకే కాదు, ప్రయాణాలకీ దారులయ్యాయి కదా. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ కదిలేదట. సారె బిందెలు, కావిడి పెట్టెలు, మధ్యలో పదిహేడేళ్ళ పెళ్ళికూతురు. "పడవ కదిలేదాకా మా అమ్మ రేవులోనే నుంచుంది. వంక తిరిగాక కనపళ్ళేదు. అప్పట్నుంచీ పడవెక్కితే నాకు ఎక్కడికో పంపించేస్తున్నట్టే ఉంటుందమ్మాయ్. సరదాగా ఎక్కింది ఇదే మొదలు" అన్నారు.

ఇరవయ్యేళ్ళుగా ఒకే వంటింట్లో ఉన్నాం. ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు ఆవిడ. చెప్పడానికి తీరిక దొరకలేదో, అడగడానికి నాకు దొరకలేదో. కాసేపాగి, "ఆ పేరంటపల్లి శివుణ్ణి కూడా చూసేస్తే బాగుండును. ఆ ఊళ్ళన్నీ మునిగిపోతాయంటున్నారు కదా" అన్నారు.

అది నిజమే కదండీ. పోలవరం ప్రాజెక్టు పూర్తిగా నిండితే నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. దేవీపట్నం మండలంలో ఎన్నో ఊళ్ళు ఇప్పటికే ఖాళీ అయ్యాయి. కాఫర్ డ్యామ్ కట్టాక వరద వచ్చిందంటే గండి పోచమ్మ గుడి నీళ్ళలోకి వెళ్ళిపోతోంది. కింద నుంచి లాంచీ పైకి పోయే దారి కూడా మూసుకుపోయింది. 'ఈసారి' అనుకునేందుకు ఆ దారికే ఎక్కువ రోజులు లేవు, ఆవిడకీ లేవు.

ఇంటికొచ్చాక మా వారితో మాట్లాడాను. వాదన పెట్టుకోలేదు, ఒకే ఒక్క మాట అడిగాను. "ఏమండీ, వారానికి రెండుసార్లు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్తున్నారు. ఎప్పుడైనా జాకెట్టు వేసుకున్నారా?" ఆయన మాట్లాడలేదు. 2018 జూలైలో మన ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర నాటుపడవ కట్టే వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడి, బడి నుంచి ఇళ్ళకి వెళ్తున్న ఆడపిల్లలు గోదాట్లో కలిసిపోయారు. అది విహారం కాదు, రోజూ దాటే రేవే. భయం ఉండాలి, కానీ టీవీలో చూసిన నీటికొకటీ, రోజూ చూసే నీటికొకటీ ఉండకూడదు. "అత్తయ్యగారిని తీసుకెళ్దాం. వరదలు పూర్తిగా తగ్గాక, చలికాలంలో, జాకెట్లు విప్పకుండా. మీకు పడవ నచ్చకపోతే ఒడ్డు నుంచే తిరిగొచ్చేద్దాం" అన్నాను. సంవత్సరం పైన పట్టింది ఆయన సరేననడానికి.

2023 డిసెంబరులో వెళ్ళాం. తెల్లవారుజామున మూడున్నరకే కారులో బయల్దేరాం. పి.గన్నవరం అక్విడెక్టు దాటుతుంటే అత్తగారు చీకట్లోనే దండం పెట్టుకున్నారు. ఆ వంతెనకి డొక్కా సీతమ్మ గారి పేరు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి, లంకల గన్నవరంలో ఏ వేళప్పుడు ఎవరొచ్చినా అన్నం పెట్టేది. గోదావరి దాటి అలసిపోయి వచ్చే బాటసారులే ఎక్కువ. రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి 2024 నుంచి ఆవిడ పేరే పెట్టారు. అన్నం పెట్టే ఆడదాని పేరు ఒక వంతెన మీదుండటం నాకెప్పుడూ గర్వంగానే అనిపిస్తుంది.

ఇప్పుడు లాంచీ రాజమండ్రి దగ్గర కాదు, గండి పోచమ్మ గుడి దగ్గర ఎక్కాలి. భద్రాచలం వైపు వాళ్ళయితే పోచవరం దగ్గర ఎక్కుతారు. ఘోరం జరిగాక కంట్రోల్ రూములు పెట్టారు. బయల్దేరే ముందు పేర్లు రాసుకున్నారు, తలలు లెక్కపెట్టారు, జాకెట్టు తగిలించుకోందే కదలనివ్వలేదు. మా వారు లాంచీ చుట్టూ తిరిగి, ఎన్ని జాకెట్లున్నాయో, తలుపులెక్కడున్నాయో చూసుకుని, సరంగుతో రెండు మాటలు మాట్లాడాక అప్పుడు కూర్చున్నారు. కూర్చున్నారే గాని కచ్చులూరు దాటేదాకా అత్తగారి చెయ్యి వదల్లేదు. అక్కడికి రాగానే డాన్సులు చేసే కుర్రాళ్ళు కూడా సద్దుమణిగారు. ఒకావిడ చేతిలో పూలు నీళ్ళలో వేసింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఏరు మారిపోయిందండీ. ఒకప్పుడు పరుగులు తీసిన నీళ్ళు ఇప్పుడు చెరువులా నిలబడ్డాయి. ఊళ్ళున్న చోట గోడలు, మోడులు. భోజనం మామూలే, పప్పు, పులిహోర, పెరుగు. మేం జాకెట్లతోనే తిన్నాం. కాస్త ఇబ్బందే, పెరుగన్నం జాకెట్టు మీద పడింది కూడా. పడితే ఏం, ఉతికితే పోయేది కాదు ప్రాణం.

పేరంటపల్లిలో మెట్లెక్కడం అత్తగారికి కష్టమైంది. హౌస్‌బోటు సుఖం అక్కడ గుర్తొచ్చింది. నాలుగు మెట్లెక్కడం, కూర్చోవడం, మళ్ళీ నాలుగు. వెదురు బుట్టలమ్మే ఒకామె మరో పక్క చెయ్యి ఆసరా ఇచ్చింది. పైకి చేరాక శివుడి ముందు ఆవిడ చాలాసేపు నిలబడ్డారు. ఏం అడిగారో నేనడగలేదు. తిరిగొచ్చేటప్పుడు లాంచీలో మైకు పాటకి చప్పట్లు కొట్టారు. మా వారు తల తిప్పుకుని కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను, చూడనట్టు పకోడీ తిన్నాను.

ఇక రెంటిలో ఏది మేలంటారా? పెద్దవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, చంటిపిల్లల తల్లులు ఉంటే దిండే సుఖం. నాలుగు మాటలు మనసు విప్పి చెప్పుకోవాలంటే కూడా అదే. దంపతులు ఇద్దరే వెళ్ళినా బాగుంటుంది. కాకపోతే ఖర్చు మనిషి మీద ఎక్కువ పడుతుంది, రెండు కుటుంబాలు కలిసి వెళ్తే తేలిక. కొండలు, జనం, పాటలు, ఒక్కరోజు వంటింటి నుంచి పూర్తి సెలవు కావాలంటే లాంచీ. నా మనసు ఇప్పటికీ లాంచీ వైపే. కానీ దిండి రాత్రి లేకపోతే మా అత్తగారి కోరిక నాకు తెలిసేదే కాదు, లాంచీ ప్రయాణమూ జరిగేది కాదు.

2022 జూన్‌లో విశాఖ రేవు నుంచి కార్డీలియా వాళ్ళ 'ఎంప్రెస్' అనే పెద్ద ఓడ చెన్నైకి తిరిగిందనీ, 2023 జనవరిలో వారణాసి నుంచి అసోంలోని డిబ్రూగఢ్ దాకా 'గంగా విలాస్' అనే ఓడ 51 రోజుల ప్రయాణానికి బయల్దేరిందనీ పేపర్లో చదివాను. 51 రోజులు వంట చెయ్యక్కర్లేదంటే నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కాస్త అసూయ వేసింది. మన స్తోమతకి మన లాంచీలు చాలు.

వెళ్ళే ముందు నాలుగు జాగ్రత్తలు, అనుభవం మీద చెబుతున్నాను:

నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. వరద ఉన్న రోజున ఎవరు ఎంత చవకగా పిలిచినా వెళ్ళకండి. బుక్ చేసేటప్పుడు పడవకి పర్మిట్టు ఉందో లేదో మొహమాటం లేకుండా అడగండి.

జాకెట్టు ఎక్కింది మొదలు దిగేదాకా ఒంటి మీదే ఉండాలి, భోజనం దగ్గర కూడా. చీర కట్టుకునే వాళ్ళు కుచ్చిళ్ళు కాస్త పైకి కట్టుకుని పిన్నులు పెట్టుకోండి. పిల్లలకి వాళ్ళ కొలత జాకెట్టే అడగండి, పెద్దవాళ్ళది వదులై తల మీద నుంచి జారిపోతుంది.

ఫొటోల కోసం అందరూ ఒకే పక్కకి వెళ్ళకూడదు, పడవ ఒరుగుతుంది. పెద్దవాళ్ళని కింది అంతస్తులో, తలుపుకి దగ్గరగా కూర్చోబెట్టండి.

తినడానికి చింతపండు పులిహోర, జంతికలు, సున్నుండలు పట్టుకెళ్ళండి. పులిహోరకి అన్నం పూర్తిగా చల్లారాక పులుసు కలిపి, నూనె కాస్త ధారాళంగా వేస్తే సాయంత్రం దాకా చెడదు. పడవ పడనివాళ్ళకి ఉప్పులో ఊరేసిన అల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటే వికారం తగ్గుతుంది. తిన్న ప్లేట్లు, సీసాలు మాత్రం గోదావరిలో పారెయ్యకండి తల్లీ, ఆ నీళ్ళే మన బిందెలోకి వస్తాయి.

మీ ఇంట్లోనూ "ఈసారి వస్తాలే" అంటూ ఏళ్ళకేళ్ళు ఇల్లు చూసుకుంటూ ఉండిపోయిన పెద్దావిడ ఒకరుండే ఉంటారు. పడవ ఏదైనా సరే, ఈ చలికాలానికి ఆవిడకి కిటికీ పక్క సీటు ఒకటి రాయించి పెట్టండి. ఇంటి తాళం చెవి ఒక్కరోజు పొరుగింటావిడ దగ్గరుంటే వచ్చే నష్టమేమీ లేదు.